పందుల షెడ్డుకు ఈశాన్యం వాలు

మా అత్తగారింట్లో ఆదివారమైతే పొట్టేలు మాంసం ఉడకాల్సిందే. తలకాయ, కాళ్ళు, పేగులు, నెత్తురు, దేన్నీ పారేసే అలవాటు లేదు. పంది అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పొరపాటున వస్తే మా అత్త చెంపలు వేసుకుని, అన్నవాళ్ళను నోరు కడుక్కుని రమ్మనేది. అలాంటి ఇంటి చిన్నకొడుకు, అంటే నా మొగుడు, తొంభైల్లో ఒక రోజు మదనపల్లెలోని మా బట్టల అంగట్లో కూర్చుని, తాను పందుల ఫారం పెడతానని వాళ్ళన్నతో అన్నాడు. మా బావ చేతిలోని గుడ్డ తాను జారి కిందపడిందట. నేను ఆ వేడుక చూడలేదు. వంటింట్లో ఉన్నాను. నేనెప్పుడూ వంటింట్లోనే ఉండేదాన్ని.

ఆ వంటింటి సంగతి చెప్పకపోతే నా బతుకులోకి పందులు ఎందుకొచ్చాయో అర్థం కాదు. మా తోడికోడలికి నడుంనొప్పి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోయేటప్పుడు కనిపించని ఆ నొప్పి, పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఠంచనుగా వచ్చేది. అత్తకు పూజలు. ఆడబిడ్డలు వచ్చేదే పుట్టింట్లో కూర్చుని తినడానికి. నాకు పిల్లలు లేరు. "పిల్లాజెల్లా లేనిదానివి, నీకేం పనుండాదిమ్మే? రొంత నువ్వే సూసుకో" అనేది అత్త, నాకేదో వరం ఇస్తున్నట్టు. కాస్తంత అని ఆమె అన్న ఆ 'రొంత' అంగడి పనివాళ్ళ టిఫిన్‌తో మొదలై ఇంటిల్లిపాది ఎంగిలి గిన్నెలతో ముగిసేది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అయినా గిన్నెలు కడిగేదాన్ని.

కాబట్టి పందులనగానే అందరూ చెవులు మూసుకుంటే, నేను లోపల్లోపల గంతేశాను. ఫారం పెట్టేది పుంగనూరు అవతల, మా మామ ఎప్పుడో కొని మరిచిపోయిన రాళ్ళ చేలో. శెనక్కాయ కూడా సరిగా ఊరని నేల అది. అక్కడ మేమిద్దరమే ఉండాలి. నాదంటూ ఒక పొయ్యి ఉంటుంది. రామకుప్పం అడవిలోంచి ఏనుగును తోలుకొచ్చి పెంచుతానన్నా ఆ రోజు నేను నా మొగుడి వెంట పోయేదాన్నే.

బావ ఊరికే ఒప్పుకోలేదు. మదనపల్లెలో ఎవరడిగినా పాల డెయిరీ అని చెప్పాలన్నాడు. రెండేళ్ళలోగా ఫారం తన కాళ్ళ మీద తాను నిలబడకపోతే మూసేసి ఇంటికి రావాలన్నాడు. ఇంటికి అన్నప్పుడు ఆయన చూసింది తమ్ముడి వైపు కాదు, నా వైపు. "వంటింట్లో మనిషి లేకుంటే యెట్ల జరుగుతాదిమ్మా" అన్నాడు. పందులు బతికితే నేను పుంగనూరులో, చస్తే మదనపల్లె పొయ్యి ముందు. లెక్క అంత సులభంగా ఉండేది.

ఇక కట్టుబడి. ఆ రోజుల్లో వాస్తు పిచ్చి మా ఊరిని విషజ్వరంలా పట్టుకుంది. బాగున్న మెట్లు పగలగొట్టేవాళ్ళు, బాగున్న గేట్లు మూసి గోడలో కన్నం పెట్టి దూరేవాళ్ళు. బస్టాండు దగ్గర టీకొట్టు అతను కూడా పొయ్యిని ఆగ్నేయానికి తిప్పుకుని, గిరాకీ రోడ్డు మీద నిలబడేటట్టు చేసుకున్నాడు. అలాంటప్పుడు మా బావ వాస్తు చూడకుండా గడ్డపార ఎత్తనిస్తాడా? పేరున్న సామి ఒకాయన్ను పిలిపించాడు. పందులకని చెబితే ఆయన మా గడప తొక్కడు. అందుకని "గోశాల కడతాండాం సామీ" అని చెప్పాడు. నందిని పందిని చేయడం, పందిని నందిని చేయడం మా వాళ్ళకు మంచినీళ్ళు తాగినంత పని.

సామి పరవశించిపోయాడు. గోశాల అనేసరికి ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. నేలంతా నైరుతిలో ఎత్తుగా మొదలై ఈశాన్యానికి వాలి ఉండాలన్నాడు. గోమూత్రం ఈశాన్యం దిక్కు పారితే ఆ ఇంట లక్ష్మి తాండవిస్తుందన్నాడు. ఈశాన్యం సంతానస్థానం కాబట్టి దూడలను ఆ మూలనే కట్టమన్నాడు. మా ఆయన అన్నీ శ్రద్ధగా విని, ఆంబోతు అన్న చోట మగపందిని, ఆవులన్న చోట ఆడపందులను, దూడలన్న చోట ఈనిన పందినీ పిల్లలనూ ఉంచేటట్టు షెడ్డు కట్టించాడు. సిమెంటు నేల ఎంత బాగా వాలిందంటే, నైరుతిలో చెంబుడు నీళ్ళు ఒలికితే ఈశాన్యంలో కాళ్ళు తడిసేవి.

తెల్లటి సీమపందులు వచ్చాయి. నిజం చెబుతున్నాను, నేను వాటిని చూసి అసహ్యించుకోలేదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి పారబోసిన టమేటాలు లారీలో వచ్చేవి, తవుడు కలిపి పెట్టేవాళ్ళం. ఎంత పెట్టినా వంక పెట్టకుండా తినేవి. ఉప్పు ఎక్కువైంది, పులుపు తక్కువైంది అనని ప్రాణులకు వండిపెట్టడం నాకు అదే మొదలు. మొదటి కాన్పు అయినప్పుడు తల్లి పొట్ట వెంబడి గులాబీ రంగు పిల్లలు వరసగా చేరి పాలు తాగుతుంటే, గోడ పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. పాల వాసన పసిగట్టి కళ్ళు మూసుకునే వెతుక్కునేవి. వాటి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

మా ఆయనకు శుభ్రం పట్టుకుంది. రోజూ పొద్దున్నే మోటారు వేసి, పైపు పట్టుకుని నైరుతిలో మగపంది దగ్గర మొదలుపెట్టి, పేడంతా కొట్టుకుంటూ ఈశాన్యం దాకా తోసేవాడు. అక్కడి గోడకు ఒక చిన్న తూము. అది సగం పూట పూడుకుపోయి ఉండేది. అన్నిటి మలం, మూత్రం ఒక్క మూలకు చేరి పిల్లల కాళ్ళ కింద మడుగు కట్టేది. "ఎంత నీటుగా ఉండాది సూడు" అనేవాడు నాతో, వెనక్కి తిరిగి ఎత్తుగా ఉన్న వైపు చూపిస్తూ. పల్లంలో ఏముందో చూసేవాడు కాదు.

పిల్లలు పాలు మరిచే వేళకు దగ్గు మొదలైంది. ముసలివాళ్ళ దగ్గు లాంటి పొడిదగ్గు. తర్వాత పొట్టలు ఉబ్బాయి, వెన్నుపూసలు తేలాయి, వెంట్రుకలు గరుకుగా లేచి నిలబడ్డాయి. తిన్నది ఎక్కడికి పోతోందో తెలియలేదు. ఒక పొద్దున ఒక పిల్ల వెనకనుంచి తెల్లగా ఏదో వేలాడుతూ కనిపించింది. జానెడు పొడుగు, బూటు లేసంత లావు. కడుపులో పురుగు. మా ఆయన దాన్ని పుల్లతో ఎత్తి హార్లిక్స్ సీసాలో కిరసనాయిలు పోసి వేశాడు. ఫారం చూడ్డానికి ఎవరొచ్చినా ముందు ఆ సీసా చూపించేవాడు. మనిషికి గర్వపడడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పుంగనూరు నుంచి పశువుల డాక్టరు మోపెడ్ మీద వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, మాట మెత్తన. దాణాలో కలిపే మందు ఇచ్చాడు. మరుసటి రోజుకు పురుగులు ముద్దలు ముద్దలుగా పడ్డాయి. మేం పండగ చేసుకున్నాం. కొన్ని వారాలు గడిచేసరికి మళ్ళీ అదే దగ్గు, అవే పొట్టలు. మళ్ళీ మందు, మళ్ళీ ముద్దలు, మళ్ళీ దగ్గు. పిల్లలు ఒక్కొక్కటే చచ్చాయి. కొన్ని చావకుండా కుక్కపిల్లలంతే ఉండిపోయాయి.

మందు నకిలీదని మా ఆయన అన్నాడు. డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి పందుల కంటే ముందు నేలను చూశాడు. మగ్గుతో నీళ్ళు తీసుకుని పై మూల పోసి, అవి ఎటు పోతాయో వాటి వెంబడే నడిచి, ఈశాన్యంలో పిల్లల దగ్గర ఆగాడు.

"ఏమప్పా, ఈ వాలు ఎవురు పెట్టినారు?" అన్నాడు. "పురుగులు పెద్ద పందుల కడుపుల్లో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పేడతో వస్తాయి. నువ్వు రోజూ కడిగి కడిగి ఆ గుడ్లన్నీ పిల్లల నోటికి పంపిస్తాండావు. మందు కడుపులో పురుగును సంపుతాది గానీ నేల మీద గుడ్డును సంపదు. అవి ఏండ్ల తరబడి బతికే ఉంటాయి. పిల్లలు మీద ఉండాల, పెద్దవి కింద ఉండాల. ఈ నేల పగలగొట్టి వాలు తిప్పుకోండి."

"గుడ్లు యాడ సార్? నాకేం కనపడలేదే?"

"కంటికి కనపడవప్పా."

మోపెడ్ మలుపు తిరిగేదాకా ఆగి, మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. "కంటికి కనపడని గుడ్ల కోసరం కళ్ళ ముందరుండే ఈశాన్యాన్ని ఎత్తు సేయల్లంట. ఇల్లు నాశనమైపోదా?" అన్నాడు. ఈశాన్యంలో ఈశ్వరుడు తల పెట్టుకుని పడుకున్నాడని నమ్మే మనిషి ఆయన. ఆ ఈశ్వరుడిని ఎప్పుడు చూశాడో నేను అడిగాను. "గమ్మునుండుమ్మే, నీకేం తెలుసు" అన్నాడు.

నేను గమ్మునుండలేదు. రోజూ చెప్పాను. అన్నం పెడుతూ చెప్పాను, తవుడు కలుపుతూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. డాక్టరు చెప్పినట్టు, ఈనబోయే పందికి పొట్ట, చన్నులు సబ్బుతో కడిగాను. పిల్లల మూలలో పేడ చీపురుతో ఎత్తి గంపలో మోసి పారేశాను. నేను పొద్దంతా ఎత్తిపోసింది, మరుసటి పొద్దున మా ఆయన పైపు పట్టుకుని మళ్ళీ కిందికి తెచ్చేవాడు. చదువుకున్న మనిషే. బి.కాం. తీరా పిల్లలు చస్తే దిష్టి అన్నాడు. షెడ్డు ముందు బూడిద గుమ్మడికాయ కట్టాడు, రాక్షసుడి మొహం తగిలించాడు. పురుగుల మందును రాహుకాలం పోయాక, తూర్పు తిరిగి కలపడం మొదలుపెట్టాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

చావగా మిగిలిన వాటిని పెంచి కుప్పం తీసుకుపోయాం. అక్కడ ఒక వ్యాపారి పందులు కొని, కోసి, కోలారు వైపుకూ బెంగుళూరుకూ మాంసం పంపేవాడు. తమిళం, తెలుగు కలగలిపి మాట్లాడతాడు. మా ముందే మొదటిదాన్ని కోయించాడు. కార్జం తీసి పళ్ళెంలో పెట్టి, వేలితో తిప్పి చూపించాడు. ఎర్రటి కార్జం మీద నిండా తెల్లటి మచ్చలు, పాలు చిలకరించినట్టు. పురుగు పిల్లలు పేగులోంచి కార్జంలోకి దూరి పోయిన దారులవి.

"సూడుమ్మా, ఈరల్, ఈ కార్జమంతా పాడైపోయుండాది. దీన్ని ఎవురు తింటారు? ఇనిమే ఇంక మీ పందులు నాకొద్దు" అన్నాడు. రెండోది కోస్తే అదీ అంతే. మూడోదాన్ని కోయొద్దని మా ఆయనే చెప్పాడు. తెచ్చినవాటిని వచ్చినకాడికి అమ్మేసి, పలమనేరు మీదుగా లారీలో వెనక్కి వచ్చాం.

పుంగనూరులో దిగి ఎస్టీడీ బూత్‌లోంచి మా ఆయన అన్నకు ఫోన్ చేశాడు. గాజు తలుపుకు ఇవతల ఉన్నా బావ గొంతు నాకు వినిపించింది. "ఈనబొయ్యే పంది ఒకటి ఉండాది కదా, అది ఈనినాక తల్లినీ పిల్లలనూ అమ్మేసి వచ్చేయండి. మీ వదిన నడుము పట్టేసుకోనుండాది" అన్నాడు. ఆ వంటింటి పొగ, ఆ గిన్నెలు, ఆ 'రొంత' అన్నీ నా ముందుకొచ్చి నిలబడ్డాయి. ఇంక నేను మొగుడితో మాట్లాడి లాభం లేదని తేలిపోయింది. మొగుడు ఎవరి మాట వింటాడో వాళ్ళతోనే మాట్లాడాలి.

మరుసటి రోజు మదనపల్లె బస్సెక్కి నేరుగా వాస్తు సామి ఇంటికి పోయాను. పండ్లు, తమలపాకులు పెట్టి దండం పెట్టాను.

"గోశాల బాగుండాదా తల్లీ?" అన్నాడు.

"గోశాల కాదు సామీ. పందుల షెడ్డు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. ముక్కుకు పైపంచ అడ్డం పెట్టుకున్నాడు, పంది నేనేనన్నట్టు. "నా శాస్త్రాన్ని పందుల పాలు చేసినారా? అపచారం! మీ వంశానికే చేటు!" అని కేకలేశాడు. నేను ఆయన అలిసేదాకా ఆగాను. అలిశాక, నెమ్మదిగా అన్నాను.

"తప్పే సామీ, మా బావ దాచిపెట్టినాడు. మీరు గోవుకు చెప్పింది పందికి పెట్టినాం, అందుకే దెబ్బతిన్నాం. మీ శాస్త్రంలో తప్పు లేదు. పందంటే వరాహస్వామి కదా సామీ? ఆయన భూమిని కింద నుంచి మీదికి ఎత్తినాడు కదా? ఆ లెక్కన పంది ఉండే చోట ఈశాన్యం మీదికి లేయాలేమో అని నాకు తోస్తాండాది. ఆడదాన్ని, నాకేం తెలుసు."

సామి పైపంచ ముక్కు మీదినుంచి జారింది. కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. తమలపాకు ఒకటి తీసుకుని సున్నం రాస్తూ, "అదే చెప్పబోతాండా" అన్నాడు. "వరాహశాలకు అన్నీ తిరగబడి ఉండాల. ఈశాన్యం ఎత్తు, నైరుతి పల్లం. నీళ్ళు నైరుతిలో బయటికి పోవాల. ఇది చాలా రహస్యమైన విషయం, అందరికీ తెలీదు."

"మా బావకు మీరే ఒక మాట చెప్పండి సామీ" అన్నాను.

చెప్పాడు. బావ వెంటనే పుంగనూరు బూత్‌కు ఫోన్ చేసి కబురు పంపాడట, నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి మా ఆయన లుంగీ ఎగ్గట్టి, గడ్డపార పట్టుకుని, ఈశాన్యం మూలలో సిమెంటు పెళ్ళగిస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. "వరాహశాలమ్మే! మనం గోశాల వాలు పెట్టినాం. ఎంత పొరపాటు సేసినాం!" అన్నాడు నాకు కొత్త సంగతి చెబుతున్నట్టు. అవునా అన్నాను. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

పాత నేలంతా గీకి ఎండబెట్టి, సున్నం కొట్టి, కొత్త వాలు పోశారు. ఈనబోయే పందికి డాక్టరు చెప్పినట్టు ముందే పురుగుల మందు పెట్టి, ఒళ్ళు కడిగి, కొత్తగా ఎత్తు చేసిన మూలకు తోలాను. ఆ కాన్పు పిల్లలు దగ్గలేదు. వాటి పొట్టలు ఉబ్బలేదు. కాళ్ళకు అడ్డం పడుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెంట్రుక మెరుస్తూ పెరిగాయి. మా ఆయన అమ్మేసే మాటే మరిచిపోయాడు. కుప్పం వ్యాపారిని బతిమాలి వాటిలో ఒకదాన్ని కోయిస్తే కార్జం నున్నగా, ముదురెరుపుగా, మచ్చ లేకుండా వచ్చింది. మళ్ళీ మా పందులు తీసుకుంటానన్నాడు.

మదనపల్లెలో వాస్తు సామి పేరు మారుమోగింది. కడుపులో పురుగులను కూడా వాస్తుతో పోగొట్టాడని మా బావే అంగట్లో గుడ్డ కొలుస్తూ చెప్పేవాడట, పంది అన్న మాట మాత్రం మింగేసి. తర్వాత రెండువేల సంవత్సరం దాటాక గంగవరం వైపు, బి.కొత్తకోట వైపు ఎవరు పందుల ఫారం పెట్టినా సామి కారులో పోయి వరాహశాల వాస్తు చెప్పి వచ్చేవాడు. ఆ రహస్యం ఆయనకు ఎవరు చెప్పారో ఆయన ఎప్పుడూ అనలేదు. డాక్టరుకు నేనే జరిగింది చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, "ఇంక నేను గూడా స్టెతస్కోపు పెట్టేసి పంచాంగం పట్టుకోని తిరుగుతానమ్మా" అన్నాడు. నవ్వాడు గానీ ఆయన మొహం చిన్నబోయింది.

నేను గెలిచాననుకున్నాను. ఫారం నిలబడింది, షరతు తీరింది. అప్పుడొక మధ్యాహ్నం బావ, అత్త కారులో వచ్చారు. అత్త ముక్కు మూసుకుని, కారు దిగకుండా అద్దం లోంచే చూసింది. బావ షెడ్డంతా తిరిగి, తృప్తిగా తలాడించాడు.

"బాగుండాదిమ్మా. ఇంక దీనికి భయం లేదు. ఈడ ఎవురో ఒక పనిమనిషిని పెడితే సరిపోతాది. పందులకు తవుడు పోసేదానికి నువ్వెందుకు? నువ్వు ఇంటికొచ్చేయ్. అమ్మకు నీ చేతి వంటే కావల్లంట" అన్నాడు.

కారులోంచి అత్త తలూపింది. మా ఆయన నేల చూపులు చూశాడు. పందులు చస్తే పొయ్యి దగ్గరికి, బతికినా పొయ్యి దగ్గరికే. ఆ కోపంలో నోటికి ఏది వస్తే అది అన్నాను.

"వస్తాను బావా, నాకేం. సామి మీకు చెప్పలేదా? వరాహశాల ఉన్న చోట ఇల్లాలు నైరుతి గదిలోనే కాపురం ఉండాలంట. ఆమె గడప దాటి వేరే ఇంట్లో పొయ్యి ముట్టిస్తే, ఆ ఇంటి పెద్దకొడుక్కు ప్రాణగండమంట. మీరు సరేనంటే ఇప్పుడే చీర మార్చుకోని వస్తాను."

బావ మొహం పాలిపోయింది. చెప్పులు విడిచి, షెడ్డు పక్కన మేముండే నైరుతి గది వైపు తిరిగి దండం పెట్టాడు. "వద్దులే తల్లీ, నువ్వు యాడికీ కదలాకు" అన్నాడు. కారులో అత్త కూడా చేతులు జోడించింది, నాకు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆమె నాకు దండం పెట్టడం అదొక్కసారే.

కారు కనుమరుగయ్యాక నవ్వుదామని షెడ్డులోకి పోయాను. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. నేను నిజం చెప్పినన్ని రోజులూ ఆ పిల్లలు దగ్గి దగ్గి చచ్చిపోయాయి. అబద్ధమాడడం నాకు ఇంకొంచెం ముందే వచ్చి ఉంటే, అవన్నీ బతికేవి.